పాత పికప్ వెనుక భాగం దించే ముందు



పౌర భద్రతను గురించి మాట్లాడమని నన్ను ఆహ్వానించినప్పుడు, ఏ అంశం తీసుకోమంటారని నిర్వాహకులను అడిగాను. మీకు తెలిసిన పనిని గురించే చెప్పండి అన్నారు. నాకు తెలిసినది సరుకు వాహనాల కింద పడుకొని చేసే పని. కనుక ఈ రోజు ఒక చిన్న విషయాన్నే మీ ముందు పెడతాను. పాత పికప్ వాహనం వెనుక భాగాన్ని కిందికి దించవచ్చునా, దించితే ఎంతవరకు దించాలి, ఎలా దించాలి అన్నదే ఆ విషయం.

ఈ బెంగళూరు నగరంలో తెలుగువారు తరతరాలుగా ఉన్నారు. నిన్న మొన్న వచ్చినవారూ ఉన్నారు. మదనపల్లె, పలమనేరు, కుప్పం, హిందూపురం వైపుల నుండి వచ్చి, కృష్ణరాజ మార్కెట్‌కూ కలాసిపాళ్యానికీ యశవంతపురానికీ సరుకు చేరవేస్తూ జీవించేవారు మనలో ఎందరో. వారిలో చాలామంది మొదట కొనేది కొత్త వాహనం కాదు. మరొకరు పదేళ్ళు నడిపి అమ్మిన పాత పికప్. ఆ వాహనంతోపాటు దాని పాత యజమాని చేయించిన మార్పులన్నీ మన చేతికి వస్తాయి. అవి ఏమిటో మనకు ఎవరూ చెప్పరు.

కొన్నేళ్ళ క్రితం అటువంటి పికప్ ఒకటి మా షెడ్డుకు వచ్చింది. యజమాని మదనపల్లె వైపు యువకుడు. పాత యజమాని దానిలో టమాటా పెట్టెలు పరిమితికి మించి వేసి నడిపినవాడు. ఈ యువకుడు మాత్రం దానిని టిఫిన్ బండిగా మార్చుకున్నాడు. ఒక గ్యాస్ పొయ్యి, రెండు సిలిండర్లు, గిన్నెలు, నీళ్ళ డ్రమ్ము, ఇంతే బరువు. "అన్నా, బండి ఎనక గుర్రం మాదిరి ఎగరతా ఉండాది, రవ్వంత దించిపెట్టు" అన్నాడు. చూస్తే వెనుక భాగం ముందు భాగంకన్నా బాగా ఎత్తుగా నిలబడి ఉంది. కమాన్ కట్టలో కంపెనీ ఇచ్చిన పట్టీలు కాక, రెండు పక్కలా అదనపు పట్టీలు వేసి ఉన్నాయి. వాటిని తీసివేశాను. వాహనం తన సహజమైన ఎత్తుకు దిగింది. అతడు సంతోషంగా వెళ్ళాడు. ఆ పనిలో నేను ఒక పొరపాటు చేశాను. అది ఏమిటో కొంచెం ఆగి చెబుతాను. దానిని అర్థం చేసుకోవడానికి ముందుగా ఆ ఎత్తు ఎక్కడి నుండి వస్తుందో తెలియాలి.

పికప్ వెనుక ఇరుసుమీద ప్రతి పక్కా ఒక కమాన్ కట్ట ఉంటుంది. అన్నిటికన్నా పొడవైనది మెయిన్ పట్టీ. దాని రెండు చివరలూ చుట్టగా వంచి, బుష్‌లతో ఛాసిస్‌కు బిగిస్తారు. ఒక చివర నేరుగా బిగిస్తే, మరొక చివరను షాకిల్ అనే ఊగే ముక్కతో బిగిస్తారు. బరువు పడినప్పుడు పట్టీ సాగడానికి ఆ షాకిల్ చోటిస్తుంది. మెయిన్ పట్టీ కింద క్రమంగా పొట్టివైన పట్టీలు ఉంటాయి. కొన్ని వాహనాలలో అట్టడుగున కొంచెం చదునుగా ఉండే హెల్పర్ పట్టీలు ఉంటాయి. అవి ఖాళీ బండిలో పని చేయవు; బరువు పడి కట్ట కిందికి వంగిన తరువాతే భారాన్ని పంచుకుంటాయి.

ఈ కట్ట బిగువు దేనిమీద ఆధారపడుతుందో చాలామంది పొరపాటుగా తలుస్తారు. పట్టీల సంఖ్య పెరిగితే బిగువు ఆ లెక్కనే పెరుగుతుంది. కానీ మందం పెరిగితే అలా కాదు. మందాన్ని మందంతో మూడుసార్లు గుణించిన లెక్కలో పెరుగుతుంది. పొడవూ వెడల్పూ సమానమైన రెండు పట్టీలు తీసుకోండి. ఒకటి 8 మిల్లీమీటర్ల మందం, మరొకటి 12 మిల్లీమీటర్ల మందం. రెండవదాని మందం ఒకటిన్నర రెట్లే. బిగువు మాత్రం దాదాపు 3.4 రెట్లు. అంటే "ఒక్క పట్టీయే కదా వేశాము" అనుకున్నచోట నిజానికి మూడు పట్టీలకు మించి వేసినట్టే. పైగా అంతే వంపు వంగినప్పుడు మందమైన పట్టీమీద ఒత్తిడి ఎక్కువగా పడుతుంది. అందుకే బయట నుండి తెచ్చి వేసిన మందపు పట్టీ ముందుగా పగులుతుంది; పగిలిన రోజున మిగతా పట్టీలమీద ఒక్కసారిగా భారం వేస్తుంది.

ఇప్పుడు నా పొరపాటు చెబుతాను.

చాలా పికప్ వాహనాలలో వెనుక ఇరుసు దగ్గర లోడ్ సెన్సింగ్ వాల్వు అనే భాగం ఒకటి ఉంటుంది. అది ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. దాని నుండి ఒక సన్నని కడ్డీ లేదా స్ప్రింగు ఇరుసుకు కలిపి ఉంటుంది. దాని పని సులభమైనది, కానీ ప్రాణాలతో ముడిపడినది. సరుకు ఎక్కించినప్పుడు బాడీ కిందికి దిగుతుంది. ఇరుసుకూ ఛాసిస్‌కూ నడుమ దూరం తగ్గుతుంది. కడ్డీ ఆ సంగతిని వాల్వుకు తెలుపుతుంది. అప్పుడు వాల్వు వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడిని పంపుతుంది. బండి ఖాళీ అయినప్పుడు బాడీ పైకి లేస్తుంది, వాల్వు వెనుక బ్రేకుల ఒత్తిడిని తగ్గిస్తుంది. బరువు లేని వెనుక చక్రాలకు పూర్తి ఒత్తిడి పంపితే అవి తిరగడం మాని బిగుసుకుపోతాయి. ముందు చక్రాలు బిగుసుకుంటే బండి స్టీరింగ్‌కు లోబడకుండా నేరుగా జారుతుంది. వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటే బండి వెనుక భాగం పక్కకు తిరుగుతుంది. రెండవది చాలా ప్రమాదకరం.

గమనించండి, వాల్వుకు బరువు తెలియదు. దానికి తెలిసినది ఎత్తు మాత్రమే. ఎత్తును చూసి బరువును ఊహిస్తుంది. మనం కమాన్ కట్టను మార్చితే వాల్వుకు అబద్ధం చెప్పినట్లవుతుంది.

అదనపు పట్టీలు వేస్తే ఏమవుతుంది? నిండా సరుకు వేసినా బాడీ అంతగా దిగదు. బండి ఖాళీగా ఉందని వాల్వు అనుకొని వెనుక బ్రేకులకు తక్కువ ఒత్తిడి పంపుతుంది. అంటే బరువు ఎక్కువైన రోజునే వెనుక బ్రేకు తక్కువవుతుంది. పలమనేరు నుండి చిత్తూరుకు దిగే మొగిలి ఘాట్‌లో అటువంటి బండి ఎలా ఆగుతుందో ఆలోచించండి. ముందు బ్రేకులే భారమంతా మోయాలి, అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. దీనికి విరుగుడుగా కొందరు చేసే పని మరొకటి ఉంది. ఆ కడ్డీని పైకి లాగి కట్టుతీగతో కట్టివేస్తారు. అప్పుడు బండి ఎప్పుడూ నిండుగా ఉన్నట్టే వాల్వుకు తోస్తుంది, వెనుక బ్రేకులకు ఎప్పుడూ పూర్తి ఒత్తిడే వెళుతుంది.

ఆ యువకుని బండిలో పాత యజమాని చేయించిన పని అదే. నేను అదనపు పట్టీలు తీశాను గానీ తీగను చూడలేదు. వారం తిరగకముందే, వానపడిన ఒక సాయంత్రం, పని ముగించుకొని దాదాపు ఖాళీ బండితో ఇంటికి వెళుతూ, మలుపు దగ్గర ఎవరో అడ్డు వస్తే అతడు బ్రేకు వేశాడు. వెనుక చక్రాలు బిగుసుకున్నాయి. బండి అడ్డంగా తిరిగి రోడ్డు పక్కన ఒక పాలవాడి సైకిలుకు జానెడు దూరంలో ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. మరునాడు బండి కిందికి వెళ్ళి చూస్తే తుప్పుపట్టిన ఆ తీగ కనబడింది. ఆ తీగ కట్టింది నేను కాదు. కానీ ఎత్తును మార్చినవాడు ఎత్తుతో ముడిపడినవన్నీ చూడవలసి ఉంటుంది. నేను చూడలేదు. అప్పటి నుండి ఏ బండి ఎత్తును ముట్టుకున్నా, మొదట చూసేది ఆ వాల్వునే.

ఇక దించే పద్ధతులకు వద్దాము. దించాలని అడిగేవారు సాధారణంగా మూడు రకాలు. మొదటివారు ఆ యువకుని వంటివారు. ఇదివరకు ఎవరో పెంచిన ఎత్తును తిరిగి తగ్గించుకోవాలనుకునేవారు. రెండవవారు సరుకు ఎత్తే హమాలీల నడుములకు కొంత ఊరట కలగాలని కోరేవారు. మూడవవారు బండి నేలకు తగులుతున్నట్టు కనబడితే అందమని భావించే పిల్లలు.

మొదటివారికి నా సమాధానం, తప్పక దించండి అని. కంపెనీ ఇచ్చిన ఎత్తుకు తిరిగి రావడం మార్పు కాదు, మార్పును సరిదిద్దడం. అయితే ఏ పట్టీ కంపెనీది, ఏది తరువాత వేసినది అన్నది కంటిచూపుతో నిర్ణయించవద్దు. మీ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన పట్టీల సంఖ్య, మందం అధీకృత విడిభాగాల విక్రేత దగ్గర తెలుసుకోండి. అడుగున ఉన్న హెల్పర్ పట్టీలను అదనపువని పొరబడి తీసివేసిన సందర్భాలు నాకు తెలుసు. అవి తీస్తే, నిండు బరువులో కట్ట మరీ కిందికి వంగి, ఇరుసు రబ్బరు స్టాపర్‌కు కొట్టుకుంటుంది.

రెండవవారితో చెప్పేది ఇది. ఐదు సెంటీమీటర్లు దించినందువల్ల మూట మోసేవాని నడుముకు కలిగే మేలు కొంచెమే. ఒక గట్టి వాలుపలక, ఒక మెట్టు, ఇద్దరు కలిసి ఎత్తే అలవాటు, ఇవి అంతకన్నా ఎక్కువ మేలు చేస్తాయి. వాటికి చట్టం అడ్డు రాదు, బ్రేకు చెడదు.

మూడవవారికి, కంపెనీ ఇచ్చిన ఎత్తుకన్నా కిందికి దించవద్దని నా విన్నపం. కారణాలు చెబుతాను. దించడానికి ఇరుసుకూ కమాన్ కట్టకూ నడుమ ఇనుప దిమ్మె పెట్టమని కొందరు సలహా ఇస్తారు. కమాన్ కట్ట ఇరుసు కింద ఉన్న వాహనాలలోనే ఆ దిమ్మె బండిని దించుతుంది. కట్ట ఇరుసుపైన ఉంటే అదే దిమ్మె బండిని ఎత్తుతుంది. అటువంటి బండిని దించాలంటే ఇరుసును కట్ట కిందినుండి పైకి మార్చాలి. అప్పుడు ఇరుసు ఛాసిస్‌కు తగలకుండా ఛాసిస్‌ను కోసి అతకవలసి రావచ్చు. సరుకు మోసే ఛాసిస్‌ను కోయడం ఇంటి దూలాన్ని కోయడం వంటిది. మరికొందరు షాకిల్ పొడవు మార్చుతారు. షాకిల్ వద్ద జరిగిన మార్పులో దాదాపు సగమే ఇరుసు దగ్గర కనబడుతుంది. కానీ ఇరుసు కొంచెం తిరిగిపోయి ప్రొపెల్లర్ షాఫ్టు కోణం చెడుతుంది. ఆ షాఫ్టు రెండు చివరలా ఉన్న జాయింట్ల కోణాలు సమానంగా ఉండాలి. అసమానమైతే వేగం అందుకోగానే బండి అదురుతుంది, జాయింట్లు త్వరగా అరుగుతాయి.

అన్నిటికన్నా నీచమైన పద్ధతి కమాన్ పట్టీలను గ్యాస్ మంటతో కాల్చి వంచడం. ఆ ఉక్కుకు బలం వచ్చేది తగిన వేడిలో కాల్చి, చల్లార్చి, మళ్ళీ మితమైన వేడి ఇవ్వడం వల్ల. రోడ్డు పక్కన మంట పెడితే ఆ బలం ఆ చోట పోతుంది. పట్టీ ఆ రోజు దిగినట్టే ఉంటుంది. తరువాత రోజురోజుకూ కుంగుతుంది, లేదా ఒకరోజు నడిరోడ్డుమీద విరుగుతుంది. కుంగిన పట్టీకి వంపు తిరిగి ఇప్పించవలసి వస్తే, కొలిమీ నూనె తొట్టీ ఉన్న కమాన్ పనివారి దగ్గరికే వెళ్ళాలి. లేదా కొత్త కట్ట కొనాలి.

దించడంవల్ల ఇతరులకు కలిగే ఒక ఇబ్బందిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది హెడ్‌లైటు. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ నడుమ మూడు మీటర్ల దూరం ఉన్న బండిని వెనుక ఐదు సెంటీమీటర్లు దించామనుకోండి. బండి ముక్కు అరవయ్యవ వంతు పైకి లేస్తుంది. అంటే అరవై మీటర్ల దూరంలో ఆ వెలుతురు ఒక మీటరు పైకి పోతుంది. ఎదురుగా వచ్చే ద్విచక్ర వాహనదారుని కళ్ళు సరిగా అక్కడే ఉంటాయి. డిప్పర్ వేసినా అతనికి వెలుతురు గుచ్చుకుంటుంది. కనుక ఎత్తు ఏ కారణంవల్ల మారినా, సహజ స్థితికి తిరిగి వచ్చినా సరే, హెడ్‌లైట్లను మళ్ళీ సరిచేయించాలి.

మన వీధుల వేగనిరోధకాల సంగతీ ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచించిన గుండ్రని వేగనిరోధకం ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. మన వీధులలో ఆ కొలతకు కట్టినవి కొన్నే. ఇరుకుగా, నిటారుగా లేచినవి ఎన్నో. మరీ దించిన బండి వెనుక ఉన్న స్టెప్నీ చక్రమో, సైలెన్సరో వాటికి తగులుతుంది.

చట్టం మాట చెప్పి ముందుకు వెళతాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, నమోదు పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుండి వచ్చిన ఒక వ్యాజ్యంలో 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. అదే సంవత్సరం చట్టానికి జరిగిన సవరణలో 182-ఏ సెక్షన్ చేర్చారు. అనుమతి లేని రీతిలో, విడిభాగాలు అమర్చడం ద్వారానైనా సరే, వాహనాన్ని మార్చిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చునని అందులో ఉంది. పరిమితికి మించిన బరువుకు 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు. అదనపు సరుకు దింపించే ఖర్చు కూడా మనదే. ఎనిమిదేళ్ళు దాటిన సరుకు వాహనానికి ఫిట్‌నెస్ ధ్రువపత్రం ఏటేటా పొందాలి. ఆ పరీక్షలో వాహనం ఆగిపోతే, ఆ రోజుల కూలి కూడా ఆగుతుంది.

జరిమానాకు భయపడి చేయమని నేను చెప్పడం లేదు. అదనపు పట్టీ వేయించిన రోజున, మన బండి మోయగల బరువు పెరిగిందని మనసు నమ్ముతుంది. అది నిజం కాదు. పెరిగింది కమాన్ బిగువు మాత్రమే. ఇరుసు అదే, బేరింగులు అవే, టైర్లు అవే, బ్రేకులు అవే. నమోదు పత్రంలో ఖాళీ బరువూ మొత్తం బరువూ రెండూ రాసి ఉంటాయి. ఆ రెంటి తేడాయే మీ బండి మోయగల భారం. అందులో క్యాబిన్‌లో కూర్చునేవారి బరువు కూడా చేరుతుంది. ఒకసారి వేబ్రిడ్జిమీద నిలబెట్టి తూయించి చూడండి. తొట్టి కట్టించిన బండి, పొయ్యి బిగించిన బండి, ఖాళీగానే ఎంత తూగుతున్నదో చూసి చాలామంది ఆశ్చర్యపోతారు.

చివరగా, పాత పికప్ కొన్నవారు చేయవలసిన పనిని క్రమంగా చెబుతాను. చదునైన నేలమీద, టైర్లలో సరైన గాలి నింపి, ఖాళీ బండిని నిలపండి. ప్రతి చక్రం నడిమధ్య నుండి దాని పైనున్న మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిచి నోటుపుస్తకంలో రాసుకోండి. కుడి ఎడమలకు తేడా ఎక్కువైతే ఒక పక్క పట్టీ విరిగిందో కుంగిందో చూడాలి. మీరు రోజూ వేసే బరువుతో మళ్ళీ కొలవండి. తరువాత లోడ్ సెన్సింగ్ వాల్వు కడ్డీ స్వేచ్ఛగా కదులుతున్నదా, ఎక్కడైనా తీగతో కట్టారా, వంచారా అని చూపించుకోండి. పట్టీలు తీసే పని జరిగితే రెండు పక్కలా సమానంగా తీయించండి. పాత యూ బోల్టులు మళ్ళీ వాడనివ్వవద్దు; అవి ఒకసారి సాగినవి. కట్ట మందం తగ్గింది కనుక తగిన పొడవు గల కొత్తవి వేయించి, కంపెనీ చెప్పిన బిగువుకు బిగించి, కొన్ని వందల కిలోమీటర్లు నడిచిన తరువాత మళ్ళీ బిగింపు చూపించండి. సెంటర్ బోల్టు, పట్టీలను పట్టి ఉంచే క్లిప్పులు, షాకిల్ బుష్‌లు చూపించండి. షాక్ అబ్జార్బర్ కారుతున్నదా, బ్రేకు గొట్టం ఎక్కడైనా లాగినట్టు ఉందా పరిశీలించండి. వాల్వును కంపెనీ చెప్పిన పద్ధతిలో సరిచేయించి, హెడ్‌లైట్లు సరిచేయించి, ఖాళీ మైదానంలో నెమ్మది వేగంతో బ్రేకు వేసి చూసిన తరువాతే రోడ్డు ఎక్కండి.

ఇదంతా ఒక పూట పని. ఖర్చు అదనపు పట్టీలు వేయించినప్పటికన్నా ఎక్కువేమీ కాదు. కానీ పని చేసేవారిని తొందరపెట్టవద్దు. "మధ్యాహ్నానికి ఇచ్చేయి" అన్న మాటకు లొంగి నేను ఆ రోజు తీగను చూడకుండా బండి ఇచ్చాను. మీరు కూడా అడగండి. "ఎత్తు మార్చావు, వాల్వు చూశావా, లైటు చూశావా" అని అడిగే హక్కు మీకుంది. తెలిసిన పనివాడు ఆ ప్రశ్నకు కోపగించడు.

ఆ యువకుడు ఇప్పటికీ అదే బండి నడుపుతున్నాడు. వెనుక భాగం కంపెనీ ఇచ్చిన ఎత్తులోనే ఉంది. గిన్నెలు ఎగిరిపడటం లేదని, సాంబారు ఒలకడం లేదని చెబుతుంటాడు. మన బండి ఖాళీగా వెళ్ళినా నిండుగా వెళ్ళినా, ఎదుట నడిచేవాడికి ఆ సంగతి తెలియదు. అతడు మన బ్రేకును నమ్మి రోడ్డు దాటుతాడు. ఆ నమ్మకాన్ని మనం నిలబెట్టాలి.